నల్లగాజులు పద్నాలుగు

'ఏడు గడపల కోట' సీరియల్ అయిపోయాక కొఠారుపేటలో ఎవరూ వెంటనే లేవరు. ఉప్పు సొసైటీ పాకలో టీవీ మీద చివరి బొమ్మ ఆరిపోతుంది. గోడ మీది బల్లి కూడా కదలదు. కాసేపటికి ఎవరో గొంతు సవరించుకుంటారు. అసలు ఆట అప్పుడు మొదలవుతుంది.

ఆ రోజు గొంతు సవరించుకున్నది సూరన్న, రిటైరైన పోస్టుమాస్టరు. మాట కథానాయిక నీలవేణి గురించి.

"ఏడు గడపలంటే ఏడు చక్రాలు. నీలవేణి ఆరోది దాటిందంటే ఆజ్ఞాచక్రం దాటినట్టు. ఇక మిగిలింది సహస్రారమే."

"నీ సక్రాలు నీ సైకిల్‌కి తగిలించుకో మేస్టారూ," అంది ముసలి దాలమ్మ. "ఆ పిల్ల దీపం ఎందుకు ఎలిగించదో సెప్పు ముందు. సేతిలో పెమిద ఉన్నాది, నూనుంది, ఒత్తుంది. పుల్ల గీయడానికేటి రోగం?"

"అగ్గిపెట్టి తడిసిపోయుంటాది," అన్నాడు పైడిరాజు. ఉప్పు బస్తాలు మోసే మనిషి, నోటికి అదుపు లేదు. "మా ఆడది పొద్దున్నే పొయ్యికాడ సెప్పీ మాటే."

నవ్వారు. నవ్వి, అందరూ ఒకేసారి పాక మూలకి తిరిగారు. అక్కడ తవిటమ్మ మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. అర్థం చెప్పడంలో ఆమె మాటే చివరి మాట.

"అది దాని మొగుడొచ్చి ఎలిగించాల్సిన దీపం," అంది తవిటమ్మ మెల్లిగా. "ఆడు నీళ్లలో ఉన్నాడు. ఈ పిల్లే ఎల్లి సెయ్యందుకోవాల. అప్పుడెలుగుతాది."

దాలమ్మ చెంపలు వేసుకుంది.

గుమ్మం పక్క రాటకి ఆనుకుని నిలబడ్డ కూర్మయ్య ఒక్కడే టీవీ వైపు గాని, తవిటమ్మ ముఖం వైపు గాని చూడడం లేదు. ఆమె చేతి వైపు చూస్తున్నాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లటి రబ్బరు పట్టీలు. ఆడవాళ్లు వాటిని నల్లగాజులంటారు. కిందటి వారం పదకొండు ఉన్నాయి. ఇప్పుడు పద్నాలుగు.

కూర్మయ్య ఉప్పు కుప్పలకి కాపలాదారు. నలభై ఏళ్లుగా చూడడమే అతని పని. ఏ కుప్ప ఎంత కరిగింది, ఏ గట్టు ఎక్కడ చెమ్మగిల్లింది, సముద్రం పోటు ఎంత దూరం వచ్చింది, అన్నీ చూస్తాడు. చూసినవాటిలో నూటికి ఒక్కటి కూడా నోటితో చెప్పడు. సీరియల్ చూడ్డానికి వచ్చినా పాకలో కూర్చోడు, గుమ్మంలోనే నిలబడతాడు.

ఆ టీవీ, ఆ పట్టీలు పుష్యమాసంలో వచ్చాయి. విశాఖపట్నం నుంచి హైమవతి అనే మేడమ్ కారులో తెచ్చింది. పేటలో పదిహేను ఇళ్లు, ఇంటికొక పట్టీ. "'ఏడు గడపల కోట' కథ ఏ మనిషీ రాయడు," అని చెప్పిందామె. "చూస్తున్నప్పుడు మీ నాడి ఎక్కడ లేచిందో ఈ పట్టీ కనిపెడుతుంది. తర్వాత మీరు మాట్లాడుకునేది ఈ టీవీ పెట్టె వింటుంది. వాటిని పట్టుకుని మా మర రేపటి కథ అల్లి, బొమ్మలు కూడా అదే గీస్తుంది. మీ పేటకొచ్చే కథ ఇంకో ఊరికి రాదు." దాలమ్మ అన్నీ విని, "అయితే మా తలకాయల్లో ఉన్నదాన్నే మాకు సూపిస్తావన్నమాట. దానికి ఇంత కారెందుకమ్మా?" అంది. మేడమ్ నవ్వింది గాని కాదనలేదు. పట్టీ మాత్రం పగలూ రాత్రీ తియ్యకూడదంది.

తియ్యకుండా ఎలా? ఉప్పు పండించే మడిలో దిగిన చేతికి పట్టీ కింద ఉప్పునీరు చేరి చర్మం ఒలిచేస్తుంది. నాలుగు రోజులకే పైడిరాజు చేతికి పుండు పడింది. పారేస్తే మేడమ్ టీవీ పట్టుకుపోతుందని భయం. అప్పుడు దాలమ్మకే తోచింది ఆ ఉపాయం. "తవిటమ్మ మడిలో దిగదు గదా, దాని సేతికి తగిలించండి," అంది.

తవిటమ్మ మడిలో దిగకూడదు. మగడు సముద్రం మీద ఏమయ్యాడో తెలియని ఆడది అడుగుపెడితే ఉప్పు కట్టదని ఆ పేటలో ఎప్పటినుంచో ఉన్న పట్టింపు. ఆమె మగడు ఎర్రయ్య కార్తీకంలో ఒంటరిగా తెప్ప వేసుకుని వెళ్లాడు. తెప్ప రాలేదు, మనిషీ రాలేదు. ఆమె చేతి మట్టిగాజులు ఒకటొకటిగా చిట్లిపోయాయి. కొత్తవి తొడుక్కోమనడానికి ఎవరికీ నోరు రాలేదు, అంతకుముందు ఉన్నవి పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. పెళ్లామో విధవో తేలని ఆ బోసిచేతికి, తలా ఒక నల్లగాజు తెచ్చి తొడిగారు. తవిటమ్మ వద్దనలేదు. ముందు ముగ్గురు బిడ్డలు పోతే, ఈమెనైనా దక్కించుకోవాలని గుప్పెడు తవుడికి అమ్మి, మళ్లీ తెచ్చుకుని ఆ పేరు పెట్టుకున్నారు పుట్టింటివాళ్లు. ఊరంతా కలిసి తనని కాపాడడం ఆమెకి కొత్త కాదు.

పదిహేనో పట్టీ కూర్మయ్య చేతికే ఉంది. గట్ల మీద తిరిగేవాడికి ఉప్పునీటితో పనిలేదు.

మర్నాడు సీరియల్‌లో నీలవేణి నీళ్ల ఒడ్డున నిలబడి అంది: "నేనే వెళ్లి చెయ్యందుకోవాలి. అప్పుడే దీపం వెలుగుతుంది."

పాకలో అందరూ "ఓలమ్మో" అన్నారు. "తవిటమ్మ నాలిక మీద దేవతుందిరా!" అన్నాడు పైడిరాజు, ఈసారి వెటకారం లేకుండా. తెర మీద నీలవేణి మోకాలి లోతు నీళ్లలో దిగింది. అంతకుముందు రోజు చీలమండ దాకా. ఆ ముందు రోజు ఒడ్డునే. చివర్లో, కథలో కబుర్లు మోసే తెల్లకాకి వచ్చి చెప్పింది, చైత్ర పున్నమినాడు ఏడో గడప తెరుచుకుంటుందని.

కూర్మయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పున్నమికి అయిదు రోజులు.

మరుసటి సాయంత్రం సరిగ్గా సీరియల్ వేళకి, ఆరు గంటలకి, కరెంటు పోయింది.

పాకలో కాసేపు తిట్లు, కాసేపు నవ్వులు. అరగంట చూసి ఎవరిళ్లకి వాళ్లు లేచారు. కూర్మయ్య మూల వైపు చూశాడు. తవిటమ్మ లేదు.

అతను పరుగెత్తి ఏళ్లయింది. ఆ రోజు పరుగెత్తాడు. సరుగుడు తోట దాటేసరికి కనిపించింది. నడుము లోతు నీళ్లలో, అలకి ఊగుతూ, రెండు చేతులూ ముందుకు చాపి ఉంది. నల్లగాజులు నీళ్లలో మెరుస్తున్నాయి. దిగి, జబ్బ పట్టుకుని ఒడ్డుకి లాగాడు. ఆమె పెనుగులాడలేదు.

"ఏటే ఇది, తవిటమ్మా?"

"కత ఆగిపోనాది గదా బావా," అంది వరసకి బావయ్యే అతనితో, చిన్నపిల్ల చెప్పినట్టు. "తరవాతేటయ్యిందో సూద్దామని."

దాలమ్మ ఆమెకి పొడి చీర చుడుతూ తిట్టింది. "ఎర్రయ్య రాడే. రాడు. ఎన్నాళ్లే ఈ ఎర్రి?" తవిటమ్మ నవ్వి ఊరుకుంది. సీరియల్ మాట కానిది ఏదీ ఆమె చెవికి ఎక్కడం లేదని కూర్మయ్యకి అప్పుడే తెలిసింది. పొద్దున్నే మొదటి బస్సుకి విశాఖపట్నం బయలుదేరాడు.

మేడమ్ గది చల్లగా ఉంది. బల్ల మీద అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఉంది. గోడంత తెర మీద ఎర్ర గీతలు, ఒకదాని కింద ఒకటి.

"కూర్మయ్యగారూ, మీ పేట మాకు పెద్ద వింత," అంది హైమవతి, కుర్చీ జరుపుతూ. "చూడండి. పద్నాలుగు గుండెలు. ఒక్క క్షణంలో లేస్తున్నాయి, ఒక్క క్షణంలో దిగుతున్నాయి. ఏ ఊళ్లోనూ ఇలా రాలేదు. భక్తి అంటే లోపల జరిగేది ఇదేనేమోనని వ్యాసం రాస్తున్నాను."

కూర్మయ్య చాలాసేపు చూశాడు. కుప్ప మీద చెమ్మని చూసినట్టే చూశాడు.

"ఒకలికి దగ్గొస్తే పద్నాలుగురూ దగ్గుతారేటమ్మా?"

"అంటే?"

"అవి పద్నాలుగు గుండెలు కావు తల్లీ. ఒక్క సెయ్యి."

ఉప్పునీటి సంగతి, పుండు సంగతి, నల్లగాజుల సంగతి చెప్పాడు. నిన్నటి సముద్రం సంగతి కూడా. అతని జన్మలో అంత పొడుగు మాట్లాడింది అదే మొదలు. వింటున్నకొద్దీ హైమవతి ముఖం పాలిపోయింది.

తెర మీద ఏవో మీటలు నొక్కింది. "నీళ్లు కనిపించినప్పుడల్లా ఆవిడ నాడి లేస్తోంది," అంది, తనలో తను లెక్క చూసుకుంటున్నట్టు. "ఒకరి నాడి అయితే మర అంతగా పట్టించుకోదు. పద్నాలుగు ఒక్కసారి లేచేసరికి, ఊరు ఊరంతా నీళ్లనే కోరుతోందనుకుంది. రోజుకో అడుగు లోపలికి దించింది."

"పున్నమికి?"

"పున్నమికి తల మునుగుతుంది."

"ఆపీండి."

"ఇప్పుడే ఆపేస్తాను." చెయ్యి మీట మీదకి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. "నిన్న కరెంటు పోయిందన్నారు కదా. కథ ఆగితేనే ఆవిడ వెళ్లింది."

"అవును."

"పోనీ, నేనే మార్చి రాస్తాను." గబగబా ఏదో కొట్టింది. నీలవేణి వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లిపోయినట్టు. ఆ కథకి తవిటమ్మ నాడి ఎలా ఉంటుందో మర ముందే గీసి చూపించింది. ఎక్కడా లేవని, బల్లపరుపు అడ్డగీత. "నమ్మదు," అంది హైమవతి. "నమ్మని కథ చూసి ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. మిగతాది సూద్దామని ఎల్తాది."

హైమవతి మళ్లీ తెర వైపు తిరిగింది. గీతలన్నింటికీ అడుగున ఇంకొకటుంది. దానికి పై గీతలతో పొత్తు లేదు. నీళ్లు వచ్చిన ప్రతిసారీ పద్నాలుగూ లేస్తే, అది బావిలో వేసిన రాయిలా కిందకి పడుతోంది.

"ఈ పదిహేనోది ఎవరిదో గాని, మరకి అంతుపట్టడం లేదు. మూడు నెలలుగా ఈ గీతకి సరిపడే పాత్రని వెతుక్కుంటోంది. మనిషి చెడ్డవాడు కాదు, భక్తుడు కాదు. ఏదో మోస్తున్నవాడు." ఆమె చూపు కూర్మయ్య మణికట్టు మీద పడింది. తర్వాత ముఖం మీద పడింది. "మీకు తెలుసు. అవునా?"

తెర మీద గీత పడిపోయింది.

కూర్మయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బస్సుకి టైమయ్యిందమ్మా," అన్నాడు.

తలుపు దాకా వచ్చి ఆమె అంది: "రేపటి కథ నేను ముట్టుకోను. నా వల్ల కాదు. ఆమె గుండె దేన్ని నిజమని నమ్మితే, మర అటే తిరుగుతుంది. అది మీ దగ్గరుంది గాని నా దగ్గర లేదు."

బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడు. బొడ్డు దగ్గర పంచె మడతలో ఉన్న చిన్న మూట నాలుగు నెలలుగా అక్కడే ఉంది. నిద్రలో కూడా తియ్యలేదు.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున, సముద్రపు నీరు మడుల్లోకి వచ్చే తూము దగ్గర అడ్డుపడ్డ దాన్ని చూశాడు. ముఖం లేదు. మొలతాడు ఉంది, దానికి రాగిరేకు తాయెత్తు ఉంది. ఎర్రయ్య నడుముకి తవిటమ్మ కట్టింది అదే. అతనొక్కడే గొయ్యి తీశాడు. అతనొక్కడే పూడ్చాడు. పూడ్చి పేటలోకి వస్తుంటే తవిటమ్మ ఎదురుపడి, "బావా, ఆడి తెప్పేమన్నా కనిపించిందేటి?" అంది. తనకి ఆరేళ్లప్పుడు, తండ్రి పోయాక, నూతి దగ్గర తల్లిని కూర్చోబెట్టి, ఇద్దరు ముసలమ్మలు రాయి మీద ఆమె చేతులు కొట్టడం కూర్మయ్య చూశాడు. రక్తం, గాజుముక్కలు, తల్లి అరవకపోవడం చూశాడు. ఎదుట ఉన్న పిల్లకి ఇరవై ఆరేళ్లు. "లేదు," అన్నాడు.

ఆ ఒక్క మాటకి నీళ్లు పోసి పెంచింది మర. విత్తనం తనది.

పున్నమికి ముందు రోజు. తెర మీద నీలవేణి గుండెలోతు నీళ్లలో ఉంది. ఏడో గడప దగ్గర ఒక చెయ్యి, నీళ్లలోంచి పైకి చాచి ఉంది. బొమ్మ ఆరిపోయింది.

తవిటమ్మ ఊపిరి పాకంతా వినిపిస్తోంది.

సూరన్న గొంతు సవరించుకున్నాడు. "రేపటితో జీవాత్మ పరమాత్మలో..."

"మేస్టారూ, ఒక్క మాట," అన్నాడు కూర్మయ్య.

అందరూ గుమ్మం వైపు తిరిగారు. ఆ గొంతు ఆ పాకలో ఎప్పుడూ వినలేదు. పైడిరాజు, "ఓర్నాయనో, రాట మాటాడింది!" అన్నాడు. దాలమ్మ వాడి నెత్తి మీద ఒకటి వేసింది.

"ఏడు గడపలంటే సక్రాలో జన్మలో నాకు తెలీదు," అన్నాడు కూర్మయ్య. "నాకు తెలిసింది మడులే. సముద్రపు నీరు మొదటి మడిలోకి తోల్తాం. అక్కడ కొంత ఎండుతాది. రెండోదాంట్లోకి, మూడోదాంట్లోకి. ఆరోదాంట్లో నీరు సిక్కబడతాది. ఏడో మడిలో ఏటుంటాది, తవిటమ్మా?"

ఆమె తల తిప్పింది. సీరియల్ మాట కాబట్టి విన్నది. "ఉప్పుంటాది," అంది.

"నీరుంటాదా?"

"ఉండదు."

"మరి ఏడో గడపకాడ నీళ్లెందుకు సూపిస్తన్నాడు? అక్కడ నీళ్లు లేవు. దిగడానికేటీ లేదు. నీళ్లెల్లిపోగా మిగిలిందే ఉంటాది." పంచె మడతలోంచి మూట తీశాడు. గుడ్డ విప్పాడు. "మిగిలింది ఇది."

మొలతాడు మీద ఉప్పు పేరుకుని తెల్లగా గట్టిపడింది. తాయెత్తు పచ్చగా చిలుము పట్టింది.

తవిటమ్మ దాన్ని చూసింది. ముట్టుకోలేదు.

"ఎప్పుడు?"

"మార్గశిరం. తూముకాడ. అక్కడే పూడ్సినాను."

"నాకు లేదన్నావు."

"అన్నాను."

ఆమె లేచింది. గుమ్మంలో ఉన్న అతన్ని తప్పించుకుని బయటికి నడిచింది. దాలమ్మ కెవ్వుమంది. "పట్టుకోండ్రా, సముద్రానికెల్తాది!" పైడిరాజు దూకబోయాడు. కూర్మయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు. ఆమె సరుగుడు తోట వైపు వెళ్తే తను చేసింది హత్య.

తవిటమ్మ రెండు దారులు చీలే చోట ఆగింది. ఎండ వాలిపోయి మడులన్నీ ఎర్రగా ఉన్నాయి. ఆమె తోట వైపు తిరగలేదు. గట్టు కూడా ఎక్కలేదు. తిన్నగా మడిలో దిగింది. కట్టిన ఉప్పు కాళ్ల కింద కరకరలాడింది. మడులన్నీ అడ్డంగా తొక్కుకుంటూ తూము వైపు నడిచింది. అయిదు నెలలుగా ఆమెని అక్కడ అడుగుపెట్టనివ్వని పేటంతా వెనక గట్టు మీద నడిచింది. ఒక్కరూ వద్దనలేదు.

తూము దగ్గర మట్టిదిబ్బ. దాని మీద ఎవరో రోజూ దోసెడు ఉప్పు పోసినట్టు తెల్లగా ఉంది. అది కూర్మయ్య పనేనని ఆమెకి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అక్కడ కూలబడి, అయిదు నెలల ఏడుపు ఏడ్చింది.

ఏడుపు ఆగాక చేతికున్న మొదటి పట్టీ తీసింది. "పైడిరాజు," అంది. వాడు వచ్చి చెయ్యి చాపాడు. రెండోది తీసింది. "దాలమ్మత్తా." మూడోది, "మేస్టారు." ఏది ఎవరిదో ఆమెకి తెలుసు. పద్నాలుగోది తన ఇంటిది. దాన్ని కాసేపు చూసి, తనే మళ్లీ కట్టుకోబోయి, మానేసి, దిబ్బ మీద పెట్టింది.

వెనక నుంచి ఒక ముసలాయన గొణిగాడు, గాజుల తంతు జరిపించాలి కదా అని. దాలమ్మ అతని వైపు తిరిగింది. "ఏటి పగలగొడతావు? సూడు దాని సెయ్యి. ఊరందరి ఎదట అదే తీసీసింది. ఇంక నీకేటి గావాల?" ముసలాయన నోరు మూసుకున్నాడు.

కూర్మయ్యతో ఆమె మాట్లాడలేదు. మొలతాడు మాత్రం అతని చేతిలోంచి తీసుకుంది.

పున్నమి రోజు సాయంత్రం పాక నిండిపోయింది. ఎన్నాళ్లకో మళ్లీ ఎవరి చేతికి వారి పట్టీ ఉంది. పైడిరాజు పాత పుండు మచ్చ మీద గుడ్డ చుట్టుకుని దాని మీద కట్టుకున్నాడు. తవిటమ్మ వస్తుందో రాదో ఎవరూ పైకి అనలేదు. సీరియల్ పేరు పడుతుండగా వచ్చి, మూలకి కాకుండా దాలమ్మ పక్కన కూర్చుంది. బోసిచేతులు ఒళ్లో పెట్టుకుంది. కూర్మయ్య రాటకి ఆనుకుని నిలబడ్డాడు.

ఏడో గడప తెరుచుకుంది. అవతల నీళ్లు లేవు. కనుచూపు మేర తెల్లటి ఉప్పు మడి. నీలవేణి తడి బట్టలతో దాని మధ్యకి నడిచింది. అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. అంతవరకు కథలో ఎక్కడా లేనివాడు. భుజాన తువ్వాలు, బిగించిన గుప్పిట. నీలవేణి అతన్ని చూసింది, ప్రమిద కింద పెట్టింది, అగ్గిపుల్ల తనే గీసింది. దీపం వెలిగింది. ఆ వెలుగులో మనిషి గుప్పిట దగ్గరగా చూపించి బొమ్మ ఆరిపోయింది.

దాలమ్మే ముందు అడిగింది. "ఎవులాడు? ఏటుంది ఆ గుప్పిట్లో?"

సూరన్న గొంతు సవరించుకున్నాడు. "గుప్పిట అంటే రహస్యానికి గురుతు. మోక్షం ఎప్పుడూ మూసిన..."

"గురుతు కాదు మేస్టారూ," అంది తవిటమ్మ. "మొలతాడు."

సూరన్న తల దించుకున్నాడు.

తవిటమ్మ గుమ్మం వైపు తిరిగింది. నిన్నటి నుంచి అతని ముఖం చూడడం అదే మొదలు. ఆ చూపులో జాలి లేదు, క్షమించినట్టూ లేదు. కళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

"ఎంతసేపు నిలబడతావు బావా," అంది. "లోనికొచ్చి కూసో."

దాలమ్మ కొంచెం జరిగింది. పైడిరాజు కాళ్లు ముడుచుకున్నాడు. కూర్మయ్య రాట వదిలి, వాళ్ల మధ్యకి వెళ్లి, నేల మీద కూర్చున్నాడు.